గాలి బంతి

కోరుట్ల బడి హాల్ల, ఆదివారం.
"ఇది కోపం" అని సారు
లేని బంతిని ఇసిరిండు.
ఓదెలు గోడకేసి కొట్టిండు.
సుగుణ తొక్కింది, మడిమెతోటి.
రాజేశం ఊది ఊది సల్లార్చిండు, సాసర్ల చాయ లెక్క.
నవ్వినం.

లస్మవ్వ చేతికొచ్చింది.
ఆ చేతులు దాన్ని తునికాకోలె కత్తిరించినయి,
మడిచినయి, దారం జుట్టి
పక్కకు వెట్టినయి.
మల్లొకటి. మల్లొకటి.
"ఇగ పక్కోళ్లకియ్యవా అవ్వా?"
"వెయ్యి గావాలె గద సారూ. ఇప్పటికి పదమూడే."

కరెంటు పోయింది. ఎవ్వరూ లేవలె.
ముందుగాల ఎవలు గూసున్నరో యాదిలేదు,
అందరం ఆమె సుట్టూ, ఉత్త చేతులతోటి,
ఎవలది వాళ్లం సుట్టుకుంటున్నం.
నా దారం మాటిమాటికి తెగుతుంది.

ఆమె నాది అందుకోని
కిటికీ ఎలుగుకు వట్టి జూసి,
సేటు లెక్క మొఖం వెట్టి
"పనికిరాదు" అని పారేసింది.
మల్ల సుట్టమన్నది.