తాలు

"నూటికి నలభై రెండు మంది"
అని రాశాను మొదటి పేజీలో.
మిరప యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళలో
దగ్గు వదలని వాళ్ళ లెక్క.
ఎంత ముద్దొచ్చిందో ఆ అంకె!
ఒక్క అంకె దొరికితే చాలు
పేపరుకి వెన్నెముక మొలిచినట్టే.

సువార్త మేడమ్ ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి
పక్కన ఒక్క ముక్క రాశారు:
"ఎవరు చెప్పారమ్మాయ్?"

ఎవరు చెప్పారంటే
మొన్న మొన్నటి వ్యాసం చెప్పింది.
దాన్ని నిలదీస్తే
పదేళ్ళ కిందటి వ్యాసం వైపు వేలు చూపించింది.
అది ఒక సెమినార్ పుస్తకం వైపు,
ఆ పుస్తకం ఎవరిదో థీసిస్ వైపు.
పెళ్ళి సంబంధం మోసుకొచ్చిన చుట్టాల్లా
ఒకరి పేరు ఒకరు చెప్పుకోవడమే గానీ
పిల్లని చూసినవాడు ఒక్కడూ లేడు.

మధ్యలో ఒక జర్నల్
డబ్బు కడితే నా పేపరు కూడా వేస్తానంది,
వారం తిరక్కుండా. చదవకుండా అని చెప్పలేదు గానీ
అర్థమైంది.
సంపాదకవర్గంలో పదహారు మంది డాక్టర్లు,
పదహారు మందికీ ఒకటే ఫోన్ నంబరు.

పెదకాకాని దాటాక బస్సు దిగి
యూనివర్సిటీ లైబ్రరీ మెట్లెక్కాను.
బాజీ గారు తాళాలగుత్తితో ఇనప బీరువా మీద యుద్ధం చేసి
అట్ట ఊడిన థీసిస్‌ని బల్ల మీద పడుకోబెట్టారు.
వెనక అంటించిన చీటీలో
తీసుకెళ్ళినవాళ్ళ సంతకం ఒక్కటే.
అదీ రాసినాయనదే.

నూట పదిహేడో పేజీ. టైపు మిషన్ అక్షరాలు.
నూటికి నలభై రెండు.
ఉంది!
ఉంది గానీ,
మిరప కాదు, పొగాకు.
యార్డు కాదు, బ్యారన్లు.
ఆడవాళ్ళు కారు.
యాభై మందిని అడిగితే ఇరవై ఒక్కరు దగ్గారు, అంతే.
పట్టిక అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఆయనే రాసుకున్నాడు:
ఇది ఒక్క ఊరి మాట, తక్కిన ఊళ్ళకి అంటగట్టరాదు.

చేతులు మారే దారిలో
పొగాకు రాలిపోయింది, మగవాళ్ళు రాలిపోయారు,
ఆ హెచ్చరిక అందరికన్నా ముందు రాలిపోయింది.
అంకె ఒక్కటే తొడిమ ఊడకుండా
నలభై ఏళ్ళు నడిచి నా మొదటి పేజీకొచ్చింది.

సాయంత్రం ఏటుకూరు రోడ్డు.
కోల్డ్ స్టోరేజీ ముందు పట్టా మీద ఎర్రటి కుప్ప,
ముక్కుకి కొంగు కట్టుకున్న ఏడుగురు.
"తాలు ఎట్లా కనిపెడతావు మస్తానమ్మక్కా?"
"తెల్లగా పాలిపోయింది చంటిపిల్లకైనా తెలుస్తుంది.
ఎర్రగా నిగనిగలాడుతూ లోపల బూజు పట్టిందుంటదే,
అదీ గడుసుది. పట్టుకో. ఊపు. గలగలమందా?
అనుమానమొస్తే విరిచి చూడు."
"మరి తాలు పారేస్తారా?"
"ఎందుకు పారేస్తాం? దానికీ రేటుంది.
కాకపోతే వేరే బస్తా."
అంటూ అంటూ దగ్గింది, మూడు సార్లు.
నా చెయ్యి దానంతటదే పెన్ను తీసింది.
ఏ కాలమ్‌లో రాయాలో తెలియక
మళ్ళీ మూత పెట్టాను.

రాత్రి బ్రాడీపేట రూములో, కరెంటు పోయి వచ్చాక,
నలభై రెండుని కొట్టేశాను.
దాని మీద కట్టుకున్న మూడు పేరాలు వాటంతటవే కూలాయి.
మిగిలిన చోట ఇలా రాశాను:
ఎంతమందో తెలియదు.
ఎవరైనా లెక్కపెట్టినట్టు ఇంతవరకూ నాకు కనపడలేదు.

నాలుగు నెలల పనికి రెండు వాక్యాలు.
సిగ్గుగానే ఉంది.

మేడమ్ ఈసారి సున్నా చుట్టలేదు.
మార్జిన్‌లో అడిగారు:
"అయితే నువ్వెప్పుడు మొదలెడుతున్నావ్?"

లాలాపేటలో ఒక నోటుబుక్కు కొన్నాను,
ముక్కుకి కట్టుకోను ఒక రుమాలు.
అరవై ఐదు రూపాయలు.
రసీదు అడిగితే కొట్టువాడు వింతగా చూశాడు.
దాచుకున్నాను,
రేపు ఎవరైనా "ఎవరు చెప్పారమ్మాయ్" అంటే
చూపించడానికి.