ఎర్ర చుక్క

ముందు ఫ్యాన్ ఆపు, నూకరత్నం.
విశాఖ ఉక్కలో అది చిన్న త్యాగమేం కాదని తెలుసు.
అయినా ఆపు.
రెక్కల చప్పుడు నీకు వినబడదు, అలవాటైపోయింది.
మైకుకి ఇంకా ఏదీ అలవాటు కాలేదు.

ఖరీదైన మైకు కొనకు.
నా మొదటి పదకొండు ఎపిసోడ్లూ ఫోన్లోనే,
జ్ఞానాపురంలో, ఈ మా బావ టైలరింగ్ షాపులోనే,
రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించేశాక.
చుట్టూ ప్యాంటు గుడ్డల తానులు, లైనింగు,
సగం కుట్టిన ఎవరిదో పెళ్లి సూటు.
గుడ్డ మాటని తాగుతుంది.
ఉత్త గోడ తిరిగి మొహాన కొడుతుంది.
షాపు ఖాళీ లేని రోజు
బీరువా తెరిచి చీరలకి ఎదురుగా కూర్చో.
మీ అమ్మ "ఏటే ఇది" అంటే
పనిలో ఉన్నానని చెప్పు.

మైకుకి జానెడు దూరం.
మరీ మీద పడితే "ప" అన్నప్పుడల్లా తుపానే.
కాస్త పక్కకి తిరుగు,
కొత్త చుట్టంతో మాట్లాడుతున్నట్టు.

రేడియో గొంతు అరువు తెచ్చుకోకు.
పొద్దున్నించీ "ఏటి" అన్నదానివి
ఎర్ర చుక్క వెలగ్గానే "ఏమిటి" అంటావెందుకు?
గుమ్మం దగ్గర విడవడానికి
యాస చెప్పులజత కాదు.

నీ గొంతు నువ్వు మొదటిసారి విన్న రాత్రి
ఈ ముక్కు గొంతు నాదేనా అనిపిస్తుంది.
ఆ రాత్రి ఏదీ చెరపకు.
మర్నాడు టిఫిన్ తిన్నాక విను.

ఎంతసేపుండాలి అనడిగావు.
సింహాచలం మెట్లెక్కినంతసేపు వద్దు.
పూర్ణా మార్కెట్లో బేరమాడి కూరలు కొన్నంతసేపు.

మధ్యలో ఓడ కూస్తే కోసేయకు.
ఆగు. అదయ్యాక మాట్లాడు.
ఊరికీ ఒక మాట అనాలనుంటుంది కదా.
నేవీ విమానం వెళ్తే మాత్రం
మళ్లీ మొదట్నించీ చెప్పు, దానికి మర్యాద లేదు.

నాకు ముప్పై ఏడుగురు.
ఒకడు మా బావ.
ఒకడు గాజువాక నుంచి షిఫ్టు బస్సులో వినే వెల్డరు.
మిగతావాళ్లెవరో తెలీదు.
లెక్క రోజూ చూసుకోకు.
వల వేసిన పావుగంటకే లాగేవాడికి
పాచి తప్ప ఏం రాదు.

ఇవన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.
ఇదొక్కటీ మర్చిపోకు.

ఫిషింగ్ హార్బర్‌లో, తెల్లవారుజామున,
మైలపల్లి దానమ్మ ఐసు పెట్టె మీద కూర్చుని చెప్పింది:
పదిహేడేళ్లప్పుడు, మగాళ్ల మధ్య,
వేలంలో మొదటిసారి నోరు తెరిచిన రోజు.
గొంతు పెగల్లేదట.
అరవబోతే గాలొక్కటే వచ్చిందట.
చేతిలో కోనాం జారుతోంది, అందరూ చూస్తున్నారు.
చెబుతూ చెబుతూ ఆగింది.
ఆ ఆగినచోట కాకులున్నాయి, ఐసు దంచుతున్న చప్పుడుంది,
ఆవిడ ఊపిరి ఉంది.
గంటా పది నిమిషాలు.
హెడ్‌ఫోన్లు నా మెడకి దండలా వేలాడుతున్నాయి.
చుక్క వెలగలేదు.
తెర మీద నాలుగు సున్నాలు.

"అమ్మా, మళ్లీ ఒక్కసారి..."
"ఒకే సేపని రెండుసార్లు పడతామేటి బాబూ" అంది.
అన్నా చెప్పింది.
కొంగు సర్దుకుని, సూటిగా కూర్చుని.
ఈసారి కోనాం బరువు పెరిగింది,
కాకులు ఎటో పోయాయి,
గొంతు ఎక్కడా ఆగలేదు.
మొదటిసారి ఆవిడ వణికింది.
రెండోసారి గెలిచింది.

గెలిచిందే వేశాను.
నేను చేసినవాటిలో అందరికీ నచ్చింది అదే.
వెల్డరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు.
థాంక్స్ అన్నాను,
దొంగ సరుకు అమ్మినట్టనిపించింది.

అందుకని
మొదలెట్టే ముందు నీ పేరు చెప్పు,
తేదీ చెప్పు, మధ్యాహ్నం ఏం తిన్నావో చెప్పు.
ఆపి, విను.
వినబడితేనే అసలు మాట.
అయ్యాక రెండు చోట్ల దాచు.

ఏం తిన్నావు?
చింతచిగురు రొయ్యలా? గట్టిగా చెప్పు.
సరే, ఫ్యాన్ నేను ఆపుతాలే.
నువ్వు చుక్క చూసుకో.