రాల్చిన మేత

డండీలో నవంబరు. మూడున్నరకే పొద్దు గుంకి
టే నది మీద వంతెన దీపాలు మాత్రం మిగిలాయి.
కిందంతస్తులో, కిటికీల్లేని గదిలో,
పగలూ రాత్రీ మేం నొక్కే స్విచ్చే.

తెల్ల గుళికలు మామూలు మేత.
నీలంవి పందికొవ్వు కలిపినవి,
గులాబీవి పంచదార.
రంగులు మా కోసం, పొరపడకుండా.
చిట్టెలుకలకు వాసన చాలు.

పదహారు వారాలు వడ్డించాను.
సోమవారం తూచి పోసి, గురువారం మిగిలింది తూచి,
తీసివేతనే భోజనం అనుకున్నాను.

ఇవాళ కోత.
వడ్డించిన చెయ్యే. అదే పల్చటి తొడుగు.
దీని గురించి నేనూ మోరాగ్ మాట్లాడుకోం;
పెట్టె మూత వేసి ఆమె రేడియో కాస్త పెంచుతుంది, అంతే.

గుడివాడ మాంసం కొట్టులో కార్జం అంటే
ముదురెరుపు, తడి మెరుపు, కత్తికి ఎదురు నిలిచే బిగువు.
తెల్ల మేత తిన్నవాటిలో అదే చూశాను, రేగుపండంత.
నీలం తిన్నవాటిలో
పేరిన నెయ్యి రంగు.
వేలు ఆనిస్తే గుంట పడి అలాగే ఉండిపోయింది.
ఫార్మలిన్ సీసాలో వేస్తే మునగదే!
పరిశోధనలో ఏం తేలింది అని
రేపు ఎవరైనా అడిగితే
కార్జమే తేలిందండీ, అనాలి.

నలభై ఏడో నంబరు. నీలం గుంపే.
నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ తిన్నది.
దాని కార్జం ఎర్రగా, చిన్నగా,
గులకరాయిలా సీసా అడుక్కి దిగింది.
చెవి నంబరు మళ్ళీ చూశాం. మళ్ళీ చూశాం.

మోరాగ్ దాని బోనులో పొట్టు ట్రేలో గుమ్మరించింది.
నీలం పొడి, గుప్పెడు.
కొరికి, నూరి, రాల్చి,
కాగితం పీలికల్లో కలిపి మెత్తగా పరుచుకుని
మా పందికొవ్వు మీద పడుకుందది.
ప్రతి బుధవారం ఈ పొట్టే
చూడకుండా సంచిలో పారబోసింది నేనే.

"సగటు పాడు చేస్తుంది, తీసేద్దామా?" అంది మోరాగ్,
అడగాలి కాబట్టి.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను.
పెట్టినదాన్ని నేను,
నా లెక్కే తప్పింది.

నలభై ఏడో వరస ఉంచేశాను.
పుస్తకంలో పైకి వెళ్ళి
'తిన్నది' అన్న తలకట్టు కొట్టేసి
'గిన్నెలోంచి పోయింది' అని రాశాను.
కింద డెబ్బై రెండు వరసలు, అన్నీ నా దస్తూరీయే,
ఒక్కోటీ మొదట్నుంచి చదవడం మొదలుపెట్టాను.