వంపు దగ్గర దగ్గు

మా కాలవకి రేవు కనపడని వంపు ఒకటుంది.
అక్కడికి రాగానే తాత గడ ఆపి
గట్టిగా రెండుసార్లు దగ్గేవాడట.
జలుబై కాదు.
అవతల ఆడవాళ్ళు తడిచీరలతో ఉంటారని.
వాళ్ళు సర్దుకునేదాకా
పడవ నీళ్ళ మీద అలా నిలబడేది,
బెల్లం బస్తాలూ, పెళ్ళికెళ్ళే జనమూ, ముహూర్తమూ
అన్నీ ఆగేవి.

ఇది నేను పరీక్షలో రాయలేదు.

అమలాపురంలో మేడ మీద గది, పలకని ఏసీ,
శనివారాల్లో సైబర్ భద్రత, దాని నీతి.
మొదటిరోజు మాస్టారు బోర్డు మీద ఒకే మాట రాశారు:
అనుమతి.
నోటుబుక్కులో ఎక్కించుకుని కింద గీత గీశాను.
గీత గీస్తే వచ్చేసిందనుకున్నాను.

అంబాజీపేటలో మా వాటా పక్కన కొబ్బరి కొట్టు.
యజమానురాలిని ఇక్కడ వీరవేణి గారందాం.
అది ఆవిడ పేరు కాదు.
ప్రింటరు మొరాయించిందని పిలిచారు,
నేను కూర్చోగానే లారీ వచ్చిందని కాటా దగ్గరికెళ్ళారు.
తెరకి తాళం పడి ఉంది.
వస్తారు కదా, ఆగొచ్చు.
పిలిచింది ఆవిడే కదా, అది అనుమతే కదా
అంది నా వేళ్ళలో దురద.

కొట్టు పేరు. కాదు.
బోర్డు మీది ఫోన్ నంబరు. కాదు.
పెద్దాయన పేరు. కాదు.
గోడ మీద దండ వేసిన చిన్న ఫోటో కింద
ఒక పేరు, ఒక సంవత్సరం.

తెరుచుకుంది.

ఆ పేరు ఇక్కడ రాయను.

లోపల కాయల లెక్కలున్నాయి, బాకీలున్నాయి. చూడలేదు.
చూడలేదు కాబట్టి తప్పు లేదనుకోవడానికి
ఒక పూటంతా ప్రయత్నించాను.
ఆవిడ రెండు బొండాలు కొట్టించి ఇచ్చారు.
తాగాను కూడా.

ఆ వారమే నీతి పేపరు. ఇరవైకి పదిహేడు.

నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరు.
ఏ చేనుకి ఎప్పుడు నీళ్ళో, రాత్రిపూట గండి కొట్టేదెవరో,
ఊళ్ళో ఎవరికీ తెలియనివి ఆయనకి తెలుసు.
నువ్వెప్పుడైనా ఒక చెయ్యి ఎక్కువ తిప్పావా అనడిగితే
చక్రానికి గ్రీజు రాస్తూ అన్నాడు:
"తాళం చేతిలో ఉన్నోడికి నీళ్ళు కనపడకూడదే అమ్మడూ,
వంతు కనపడాలి."
తిప్పాడో లేదో మాత్రం చెప్పలేదు.

తొమ్మిదో రోజు వెళ్ళి చెప్పాను.
"మీ తాళం నేను తీశానండీ, అడక్కుండా.
నేను తీయగలిగితే ఎవరైనా తీస్తారు. మార్చెయ్యండి."
తిడతారనుకున్నాను.
ఒలిచే కాయ ఒలుస్తూనే ఉన్నారు.
పీచు ఊడిన చప్పుడు, ఇంకో పీచు.
"కొట్టు తెరవగానే పొద్దున్నే ఒకసారి రాస్తానమ్మా దాన్ని.
బళ్ళో పేరు కొట్టేశారు, రేషను కార్డులో తీసేశారు.
ఇక్కడా మార్చేస్తే
ఇంకెక్కడ రాయను?"

బలహీనమైన పాస్‌వర్డ్ అని పుస్తకంలో ఉంది,
ఉదాహరణలతో సహా.
ఆ పేజీ మీద నేనూ గీత గీసే ఉంటాను.

చాలాసేపటికి నోరు పెగిలింది.
"పేరు కదపొద్దండి. చుట్టూ గట్టు పొయ్యండి.
ముందు రెండు మాటలు, వెనక రెండు మాటలు,
మీకు తప్ప ఎవరికీ పొంతన కుదరనివి."
ఆవిడ చేతులు తుడుచుకుని కీబోర్డు దగ్గరికి జరిగారు.
నేను రోడ్డు వైపు తిరిగాను.
డొక్కల లోడు లారీ, వెనక సైకిలు మీద మంచు ముక్కలవాడు.
వీపు తిప్పితే చాలనుకున్నాను.

కానీ చెవులున్నాయి.
టకటకా నడుస్తున్న వేళ్ళు
మధ్యలో ఒకచోట నెమ్మదించాయి,
ఒక్కో అక్షరం దగ్గరా ఆగి
తల నిమిరినట్టు.
ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో
లెక్క తెలిసిపోతోంది నాకు.

దగ్గాను.
గట్టిగా, రెండుసార్లు.