నాలుగు వేళ్ళ వెడల్పు

సాన్ అంతోనియోలో ఇంకా పొగమంచు విడవకముందే
మా అమ్మమ్మ కాండెలారియా
మగ్గం ఒక కొసను జామచెట్టుకు కడుతుంది,
రెండో కొసను తన నడుముకు.
వెనక్కి ఒరిగితే పడుగు బిగుస్తుంది,
ముందుకు వంగితే వదులవుతుంది.
దగ్గు పట్టుకున్న రోజు
బట్ట కూడా దగ్గుతుంది.

ఒకప్పుడు తొడుక్కునే వీపిల్ నేసేది,
ఒక్కోదానికి ఆరు నెలలు.
ఇప్పుడు చేతిగడియారం పట్టీలు,
కెమెరా పట్టీలు, తాళంచెవుల కుచ్చులు.
నాలుగు వేళ్ళ వెడల్పు దాటదు ఏదీ.

ఆంటిగువా నుంచి వచ్చే దోన్యా రెబెకా
కుర్చీ అంచున కూర్చుని చెప్పింది:
"పక్షి వద్దు. రెండు తలలేమిటని అడుగుతున్నారు.
గళ్ళు చాలు. నూట ఇరవై. అన్నీ ఒకేలా."
అమ్మమ్మ బేరమాడలేదు.
దారం ఖర్చు మాత్రం విడిగా అడిగింది.

ఆ పక్షికి అర్థమేమిటని నేనూ అడిగాను చిన్నప్పుడు.
"ఎడమ తలకు పదకొండు దారాలు,
కుడి తలకు పదకొండు" అంది.
అంతే.

పోయిన ఏడు సంతలో
పాత వీపిల్ కత్తిరించి కుట్టిన సంచీ ఒకటి వేలాడుతోంది.
మెడ దగ్గర ఆకుపచ్చ దారం అయిపోతే
నీలం వేసి సరిపెట్టిన చోటు,
అది మా పెద్దమ్మ మార్సెలీనా చెయ్యి.
ధర అడిగాను.
మళ్ళీ అడిగాను.
ఆ సాయంత్రమే వచ్చి
నా నడుముకు తోలుపట్టా కట్టుకున్నాను.

హూన్, కా-ఈ, ఒషీ, కహీ...
బడిలో ఎవరూ చెప్పని అంకెలు.
అమ్మమ్మతో మాట్లాడబోతే
సగం వాక్యం స్పానిష్‌లోకి జారిపోతుంది నాకు.
దారాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం
ఒక్క మాటా జారదు.
ఎనిమిది దగ్గర తప్పితే
ఎముక సూదితో మొత్తం విప్పేస్తుంది.
విసుక్కుంటే నవ్వుతుంది:
"ఎక్కడికి పోతావే, చెట్టుకు కట్టి ఉన్నావుగా!"

మొన్న ఫెర్మిన్ బకిల్స్ కుట్టడానికొచ్చి
పట్టీ కొస మడతపెట్టబోయి ఆగాడు.
తోలు కింద దాగిపోయే ఆ రెండు వేళ్ళ మేర
గళ్ళు లేవు.
పక్షి ఉంది.
తిరగేసి చూశాడు,
మా ఊరి నేతకు వెనకవైపంటూ ఉండదు,
అటూ ఉంది.
అమ్మమ్మ వైపు చూశాడు.
ఆమె మొక్కజొన్న ఒలుచుకుంటోంది.
ఏమీ అనకుండా మడిచి కుట్టేశాడు.

ఏ ఊళ్ళోనో ఎవరో
బస్సు ఆలస్యమైందని మణికట్టు తిప్పి చూసుకుంటారు.
నాడి మీద రెండు తలలు
ఊపిరి బిగబట్టి ఉంటాయి, వాళ్ళకు తెలియదు.
తెలియాలని అమ్మమ్మ అనుకుంటోందో లేదో
నాకూ తెలియదు.

తొంభై మూడు అయ్యాయి.
అగ్నిపర్వతం మీద మబ్బు దిగుతోంది.
పడుగు చుట్టుకుని, ముడి విప్పుకుని
లోపలికి పోవాలి.