నల్లబడిన వైపు

గుంతకల్లు యార్డు, ఏడో లైను.
రాయలచెరువు దాటినాక తెగిన బొగ్గుబండిది
నకిల్ ముక్క
గోనెపట్ట మీద పెట్టినారు.
ఇరవై కిలోలు ఉంటుంది. పిడికిలి ఆకారం,
బొటనవేలు లేని పిడికిలి.

"లాగినోడిదే తప్పు" అని
కాగితంలో ముందే రాసేసినారు.
లోకోపైలట్ సుంకన్న
తువ్వాల మడిచి మోకాలి మీద పెట్టుకొని
గమ్మున కూర్చున్నాడు.

కుళ్ళాయప్ప ముక్కను కిరసనాయిలు గుడ్డతో తుడిచినాడు.
ముప్పై ఏండ్లుగా సుత్తితో తట్టి
ఇనుము గొంతు వినేవాడు.
"తెగిన మొగం చూడండి సార్."

చూసినాము.
ఒకవైపు అరచేయంత మేర నల్లగా, నున్నగా,
గీత లోపల గీత,
పెన్న తగ్గేటప్పుడు
ఇసకలో వదిలిపోయే అంచుల్లాగ.
మిగతా కొంచెం
పగలగొట్టిన కలకండ మాదిరి మెరుస్తా ఉంది.

"మెరిసేది నిన్నటిది," అన్నాడు.
"ఈ నల్లది ఎన్నాళ్ళదో.
మూల మడతకాడ, పోత పోసిన్నాడే
రవ్వంత బొక్క.
బండి కదిలినప్పుడల్లా ఒక గుంజుడు,
ఆగినప్పుడల్లా ఒక గుద్దుడు.
లక్ష గుంజుళ్ళు మోసింది సార్ ఇది,
నిన్నటిది ఆఖరుది, అంతే."

సుంకన్న అప్పుడు తలెత్తినాడు.
"అయితే ఆ మెరిసేది నాది,
ఒప్పుకుంటాను."

నల్లది ఎవరిదని ఎవరూ అడగలేదు.

నేను గీతలు లెక్కపెడతా ఉన్నాను.
పదకొండు దాకా కనపడినాయి,
ఆ తర్వాత ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినాయి.
జనవరిలో ఒక రాత్రి, మూడు గంటల పది నిమిషాలు.
మంచు. టార్చిలో సెల్లు దిగిపోయింది.
వెనక ఇంకో బండి కాచుకోనుంది,
కంట్రోలు నుంచి ఫోను మీద ఫోను.
యాభై ఎనిమిది వ్యాగన్లు, నూట పదహారు నకిళ్ళు,
ఒక్కోదానికి ఒక చూపు కూడా మిగల్లేదు.
గ్రీజు కింద, బొగ్గుమసి కింద
ఆ గీత అప్పటికి వెంట్రుకంత ఉండి ఉంటుంది.
రిజిస్టరులో "ఫిట్" అని రాసి
కింద సంతకం పెట్టినాను.
నా సంతకం కూడా అట్లనే ఉంటుంది,
సన్నగా, కొసకాడ కొంచెం వంగి.

విచారణ వాళ్ళు టీ తాగి పోయినారు.
ముక్క అక్కడే ఉంది. సుంకన్న దాన్ని
చెప్పుకాలితో ఒకసారి తాకి, వెళ్ళిపోయినాడు.

నాలుగు గంటలకు ఇంకో ర్యాకు.
పట్టపగలే టార్చి వెలిగించినాను.
కుళ్ళాయప్ప మసి తుడుచుకుంటా ముందు నడుస్తా
పద్నాలుగోదాని కాడ ఆగినాడు.
వంగినాడు. గోరుతో గీరినాడు.
"సార్, వెలుతురు ఇట్ల పట్టు."

గదిలో ఫోను మోగుతా ఉంది.
మోగనీ.