మూజువాణి

సన్మాన సంచికలో ఒక్క పేజీ మిగిలింది.
"సభలో మన నాయకుడు" అని హెడ్డింగు పెట్టి
కింద ఏదో ఒకటి నింపమన్నాడు ఓనరు.
కాశీబుగ్గ బస్టాండు వెనక మా ప్రెస్సు.
కరెంటు ఉన్నా లేకున్నా
కిటికీలోంచి జీడిపిక్కలు కాలే పొగ.

దుంపల వైకుంఠరావు గారు
ఆరుసార్లు గెలిచారు, రెండుసార్లు ఓడారు.
ముప్పై ఏళ్ళ సభా చర్చల పుస్తకాలు
జీడిపప్పు డబ్బాల్లో సర్దించి
వారి అల్లుడు ఆటోలో దింపి వెళ్ళాడు.
నాకు కావలసింది చిన్న లెక్క:
దేనికి అవునన్నారు, దేనికి కాదన్నారు.

ఎక్కడ తెరిచినా ఒకటే మాట,
"మూజువాణి ఓటుతో ఆమోదం పొందినది."
అనుకూలురు అవుననండి, వ్యతిరేకులు కాదనండి,
అవునన్నవారే ఎక్కువ, అవునన్నవారే ఎక్కువ.
భూమి శిస్తు, సారా పాట, కాలవల పూడిక,
అన్నీ ఆ గోలలోనే గట్టెక్కాయి.
గోలలో గొంతుకి పేరుండదు.
వేలంలో పాట కొట్టేశాక
ఎవరు ఎంతకి అరిచారో ఎవరికి గుర్తు?

తలలు లెక్కపెట్టిన రోజులు ఏడంటే ఏడు.
ఏడు జాబితాల్లోనూ "దు" దగ్గర వేలు పెట్టి వెతికాను.
అయిదుసార్లు పార్టీ చెప్పినట్టే.
ఆరోసారీ పార్టీ చెప్పినట్టే,
కాకపోతే అది వేరే పార్టీ.
ఏడోది జీడి కార్మికుల కూలిరేట్ల సవరణ.
అవునన్నవారు తొంభై ఆరు, కాదన్నవారు నూరు.
దుంపల వారు రెండు వరసల్లోనూ లేరు.

సాయంత్రం అమ్మకి చెప్పాను.
తవిటమ్మ. నలభై ఏళ్ళు పిక్కలు కొట్టిన చెయ్యి.
సొన తిని తిని వేళ్ళు నల్లబడిపోయి
ఓటు సిరా ఏదో, జీడిసొన ఏదో తెలీక
ఒక ఎలక్షన్లో బూతు ఆఫీసరు ఆపేశాడు,
"నువ్వు ముందే వేసేశావు కదా" అని.
అమ్మ వెనక్కి తిరగలేదు.
వరసలో ఉన్న పిక్కల ఆడోళ్ళందర్నీ పిలిచి
చేతులన్నీ ఆయన బల్ల మీద పెట్టించింది.

తారీకు ఎంతని అడిగింది. చెప్పాను.
చాలాసేపు బియ్యంలో రాళ్ళేరింది.

"ఆ దినం మీ తాత పోయేడే గుంటా.
ఇశాపట్నం పెద్దాసుపత్రి కాడ
శవాన్ని తేడానికి ఒక్క బండోడూ రానన్నాడు.
ఈ బాబే రైలెక్కబోయి దిగిపోయి
జీపులో ఎనక సీట్లు ఇప్పించి తెచ్చేడు.
పాడికి బుజం కూడా ఏసేడు."

నేను వేళ్ళ మీద లెక్కేశాను.
తేడా నాలుగు. ఆయన వెళ్ళి ఉంటే మూడు.
"ఎలాగూ ఓడిపోయేదేనమ్మా."
"ఓడితే ఓడీది. సెయ్యెత్తాల గదా."

బయట గూడ్సు బండి పోతోంది, చాలా పొడుగుది.
గోడకి తగిలించిన చేట కాసేపు అదిరింది.

అది పోయాక మళ్ళీ తనే అంది,
"అలాగని మా అయ్యని అక్కడ ఒగ్గీసి ఎల్తే
నానూరుకుందునా?"

రాత్రి ప్రెస్సుకి వెళ్ళి పేజీ కట్టాను.
ఆరు గెలుపుల సంవత్సరాలు, రెండు ఓటములు,
ఏడు ఓట్లు, ఏడో దాని పక్కన గైరుహాజరు.
దాని కింద ఒక్క వాక్యం:
"ఆ రోజు సభలో లేరు, మా వీధిలో ఉన్నారు."

పొద్దున్నే ప్రూఫు చూసి ఓనరు
"భలే పొగిడావే" అని సంతకం పెట్టాడు.

అమ్మకి చదివి వినిపించాను.
మరోసారి చదవమంది.
"ఊఁ, బాగానే అడిగేవు" అంది.